నూల్‌కోల్ అనుకున్నది

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా బాటనీ చెబుతున్నాను. టాప్ బ్యాచ్ ఎప్పుడూ నాదే. నిరుడు బడంగ్‌పేట్ నుంచి ఒక కొత్త మేడమ్ వచ్చి చేరింది. మరుసటి ఏడు ఆ బ్యాచ్ ఎవరికివ్వాలో పిల్లల్నే రాసిమ్మంటామని మేనేజ్‌మెంట్ అంది. అప్పట్నుంచి నాకు అన్నం సహించలేదు.

ఒకరోజు ఆమె సంచీ నిండా కూరగాయలతో క్లాసుకెళ్లింది. మా గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. అన్నీ వినిపిస్తాయి.

"గివన్నీ ఒక్కటే జాతి. ఎక్కడో సముద్రం ఒడ్డున రాళ్లల్ల మొలిచే అడవి క్యాబేజీ నుంచి వచ్చినయే. ఆకుల మొగ్గ బలిస్తే క్యాబేజీ, పూలగుత్తి బలిస్తే కాలీఫ్లవర్, కాండం బలిస్తే నూల్‌కోల్."

చప్పట్లు మోగాయి. అదే పాఠం నేను లాటిన్ పేర్లు రాసి, బాణాలు గీసి చెబితే ఒక్కడూ చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. కుళ్లుకున్నాను, దాపరికమెందుకు.

మర్నాడు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కే ముందు కూరగాయల బండి దగ్గర ఆగాను. ఆమె తెచ్చినవన్నీ కొన్నాను, ఆమె తేని బ్రకోలీ కూడా. మాది కోస్తా ఇల్లు, నూల్‌కోల్ మా వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు. పుస్తకంలో బొమ్మ తప్ప నేను చూసిందీ లేదు. తెల్లగా, గుండ్రంగా ఉన్నవి రెండు ఏరి సంచిలో వేసుకున్నాను.

క్లాసులో ఒకటి పైకెత్తి, "ఇది వేరు కాదు, కాండం. ఆకులు ఊడిన మచ్చలుంటాయి, చూడండి" అన్నాను. మచ్చల కోసం తిప్పాను. లేవు. అడుగున సన్నగా వేరు వేలాడుతోంది.

ముందు బెంచీలో సైదాబాద్ అమ్మాయి లేచింది. "సార్, అది షల్గం. మా ఇంట్ల మటన్‌ల ఏస్తరు."

షల్గం అంటే టర్నిప్, వేరే జాతి; అందులో బలిసేది వేరు. ఆ తేడా ఏటా పరీక్షలో అడిగేది నేనే.

నవ్వులు విని మేడమ్ పక్క గదిలోంచి వచ్చింది. బల్ల మీద ఉన్నవి చూసింది, నా మొహం చూసింది. "సార్ కావాలనే పెట్టిండు, ఎవరు పట్టుకుంటరో చూద్దామని. నాకు పొద్దుగాలే చెప్పిండు" అంది. పిల్లలు ఈసారి నాకు చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు.

టాప్ బ్యాచ్ మళ్లీ నాకే వచ్చింది. షల్గం క్లాసు బాగుందని చాలామంది రాశారట. ఆమె దాన్ని లాక్కుని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నాకు ఇచ్చేసింది. అదే మింగుడుపడటం లేదు.