నాయనమ్మ ఓటూ, ఫాదరుగారి మౌనమూ

మొన్న ఆదివారం పూజయ్యాక చర్చి మెట్ల మీద మా మరిది, చదువుకున్నవాడే, ఆర్‌సీఎం వాళ్ళ, అంటే మన రోమన్ కేథలిక్కుల ఓట్లన్నీ ఫాదరుగారి జేబులో ఉంటాయనీ, పైనుంచి ఆజ్ఞ వస్తే కిందవాళ్ళు తలూపడమే మన మతమనీ, అందుకే మనకి ప్రజాస్వామ్యం ఒంటబట్టదనీ నలుగురి ముందూ తేల్చేశాడు. అందరూ చెప్పే మాటే. గుంటూరు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పిన మా లెక్చరరుగారూ ఇదే అన్నారు. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వాళ్ళెవరూ మా నాయనమ్మని చూడలేదు మరి.

నా చిన్నప్పుడు ఒక పంచాయతీ ఎన్నికలో, చర్చికి గంట చేయించిన పెద్దరైతుకి ఓటేయమని ఫాదరుగారు పూజలోనే చెప్పారు. మిరపకోతల్లో మంచినీళ్ళకని నడుమెత్తితే అరిచే మనిషా రైతు. మా ఆడవాళ్ళు బుద్ధిగా తలలూపి, వెళ్ళి రెండోవాడికి గుద్దొచ్చారు. పెద్దరైతు ఓడిపోయాడు. ఇంతవరకూ ఏ ఊళ్ళోనైనా జరిగేదే. కానీ పెద్దల మాట మీరడం, తల్లిదండ్రుల్ని గౌరవించమన్న నాలుగో ఆజ్ఞ కింద పాపమని నేర్చుకున్నవాళ్ళు, ఆ పాపం ఒప్పుకోకుండా పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదని ఎరిగినవాళ్ళు కనుక, శనివారం సాయంత్రం ముసుగులేసుకుని వరసకట్టి, ఎవరికీ చెప్పక్కర్లేని ఓటుని ఆ ఫాదరుగారికే, చెక్క జాలీ ఇవతల మోకరించి పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పేశారు!

అందరికంటే భయపడింది నాయనమ్మే. మరియమ్మ పండగనాడు సత్ప్రసాదం అందదేమోనని ఆవిడకి అన్నమే సయించలేదు. తిరిగొచ్చి వాకిట్లో కూలబడి అమ్మతో అంది:

"మీ మాట మీరానండీ అంటే, ఎంతకీ ఉలకడే! నిద్రపోయాడేమో అనుకున్నా. ఆనక, ఓటు నీ మనస్సాక్షిదమ్మా, అది పాపం కాదు, పో అన్నాడు."

"మరి ముందెందుకు చెప్పాడంట అత్తా?"

"నువ్వెళ్ళి అడుగు, నీకు నోరుందిగా!"

పండగనాడు నాయనమ్మ అందరికంటే ముందు నిలబడి సత్ప్రసాదం తీసుకుంది. ఓడిన పెద్దరైతు, మీవాళ్ళలో నన్ను ముంచిందెవరని చర్చి ముందే నిలదీసినా, పాపసంకీర్తనంలో విన్నది బయటపెట్టకూడదు గనుక ఫాదరుగారు నోరు విప్పలేదు. ఆపైన ఏ ఎన్నికలోనూ పూజలో ఎవరి పేరూ ఎత్తలేదు. ఇప్పుడు తెల్లారితే ఎవరికి గుద్దాలో దేవుడి పేరు మీద ఫోన్లోనే చెప్పేస్తున్నారు. చెప్పిన వాళ్ళ ఎదుట కూర్చుని, నేను వెయ్యలేదండీ అనే తీరికా, అది కిమ్మనకుండా వినే చెవీ రెండూ కరువయ్యాయి.

ఫాదరుగారు పోయి చాలాకాలమైంది. ఉంటే నేనే వెళ్ళి అడిగేదాన్ని: ఆ మనస్సాక్షి మాట మీరు మొదట్నుంచీ నమ్మిందేనా, లేక ఆ సాయంత్రం జాలీ వెనక కూర్చుని మా ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నదా?