కెప్టెన్ నర్సింహకు దొరికిన చోటు

ఫిల్మ్ నగర్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసు కొండవాలున ఉంటుంది. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసుకుంటూ అక్కడ తొమ్మిదేళ్లు గడిపాను. గేటు దగ్గర నర్సింహ అనే వాచ్‌మన్ ఉండేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎడమ చెవి కింద పాత కత్తిగాటు. సెలవిచ్చినా ఎక్కడికీ పోయేవాడు కాదు, ఆయన కోసం ఎవరూ వచ్చేవారూ కాదు. ఒక్కటే మొండితనం. వెనక వైపు జనరేటర్ పక్కన ఆరడుగుల జాగాలో ఎవరినీ బండి పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి హీరోగారి కారునే అక్కణ్ణించి తీయించాడు. మేనేజర్ అందరి ముందూ తిట్టాడు. నర్సింహ తలవంచుకుని విన్నాడే తప్ప కారణం చెప్పలేదు.

ఆ కారణం నాకు తెలిసింది ఒక వానరోజున. షూటింగులు రద్దయి ఆఫీసు ఖాళీగా ఉంది. టీ తీసుకుని గేటు గదిలోకి వెళితే, సినిమాల్లో రౌడీలు చచ్చే ముందు మంచివాళ్లెందుకు అవుతారని అడిగాడు. జనానికి అది నచ్చుతుందన్నాను. టీ గ్లాసు కింద పెట్టి, తన సంగతి తానే మొదలుపెట్టాడు.

బోరబండలో రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టాడు. జూబ్లీహిల్స్ బంగళాల పునాదుల్లో సగం రాయి తన తండ్రి కొట్టిందే అన్నాడు. బండ పేల్చేటప్పుడు తండ్రి పోతే, తల్లి పోచమ్మ తట్టలు మోసి పెంచింది. నర్సింహ కబడ్డీ బాగా ఆడేవాడు. బస్తీ జట్టుకు కెప్టెన్. ఆ పేరే చివరిదాకా నిలిచింది. భూముల వ్యాపారం చేసే కమలాకర్ ఒకనాడు ఆట చూసి, మర్నాడు కబురు పంపాడు.

మొదట్లో పని తేలికే. తగాదా ఉన్న ప్లాటులో డేరా వేసుకుని పదిమందితో పడుకోవడం. తర్వాత హద్దు కడీలు పీకడం, కాగితాల మీద సంతకాలు పెట్టించడం, పెట్టనివాళ్ల వేళ్లు విరవడం. ముప్పై ఏళ్లు వచ్చేసరికి నర్సింహ చేతి కింద నలభై మంది ఉన్నారు. ఒక విధవరాలు పొయ్యి మీద అన్నం పెట్టి ఉండగానే ఆమె ఇంటి రేకులు ఊడదీయించానని చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతులో గొప్పా లేదు, ఏడుపూ లేదు.

తల్లి చచ్చిపోతే ఈ వాలు మీదే పాతిపెట్టాడు. అప్పుడిది రాళ్లు కొట్టేవాళ్ల బొందల గడ్డ. నాలుగేళ్లకు కమలాకర్ కన్ను దీని మీద పడింది. వారంలో చదును కావాలన్నాడు. తల్లి ఎముకలైనా తీసి వేరే చోట పెట్టుకుంటానని అడుగుదామనుకున్నాడు నర్సింహ. నలభై మంది ముందు నోరు రాలేదు. బస్తీ ఆడవాళ్లు వచ్చి బుల్‌డోజర్‌కు అడ్డం కూర్చున్నారు. వాళ్లలో ఆయన భార్య మంజులత కూడా ఉంది. ఆమెను తన మనుషులతోనే పక్కకు లాగించాడు.

"డోజరోడు యాడికెళ్లి మొదలుపెట్టాలని అడిగిండు సారూ. మా అమ్మ బొంద దిక్కుకెళ్లే చూపెట్టిన. కెప్టెన్ వెనకకు తగ్గిండు అనొద్దని."

ఆ సాయంత్రమే మంజులత సిద్దిపేటలో పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ తర్వాత, పక్క వీధిలో ఇల్లు ఖాళీ చెయ్యనన్న ఒక రిటైర్డ్ లెక్చరర్‌ను కొట్టించారు. మూడో రోజున ఆయన ఆసుపత్రిలో పోయాడు. కొట్టించింది కమలాకర్, కొట్టింది నర్సింహ. కేసు మొత్తం నర్సింహ తన నెత్తినే వేసుకున్నాడు. అంతా నేను చూసుకుంటానని కమలాకర్ మాటిచ్చాడు. పద్నాలుగేళ్లు జైలు. ములాఖత్ రోజున అందరితోపాటు తలదువ్వుకుని కూర్చునేవాడట. ఒక్కసారీ తన పేరు పిలవలేదు. మూడేళ్ల తర్వాత తలదువ్వుకోవడం మానేశాడు.

విడుదలయ్యాక నేరుగా ఇక్కడికే వచ్చి పని అడిగాడు. ఫిల్మ్ ఫైనాన్సర్‌గా మారిన కమలాకర్ నెలకొకసారి మా ఆఫీసుకు వచ్చేవాడు. నర్సింహ గేటు తీసి నిలబడేవాడు. కారు అద్దం ఎప్పుడూ దిగలేదు.

జనరేటర్ పక్కన ఏముందో నేను అడగనక్కర్లేకపోయింది. ఒకటి మాత్రం అడిగాను.

"ఇక్కడ ఉంటే ఇప్పుడు ఏమొస్తుంది నర్సింహా?"

"ఏమొస్తది సారూ. అమ్మ ఒక్కతే ఉంటది గదా."

ఆ తర్వాత ఆరేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రోజూ నేను వెళ్లేటప్పుడు కుర్చీలోంచి సగం లేచేవాడు, అంతే.

ఒక జనవరి ఉదయం నేను వెళ్లేసరికి కుర్చీలోనే పోయి ఉన్నాడు. మఫ్లర్ కూడా జారలేదు. ఫోన్‌లో మంజులత నంబరు ఉంది. ఆ నంబరుకు ఆయన ఒక్కసారైనా చేసినట్టు లేదు. నేను చేశాను. మధ్యాహ్నానికల్లా ఆమె బస్సులో వచ్చింది. తెల్లబడ్డ జుట్టు, చేతిలో ఒక సంచి. ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఏడవలేదు. ఈలోగా కమలాకర్ మనిషి పెద్ద పూలదండ తెచ్చాడు. మంజులత దాన్ని తాకలేదు, వెనక్కి తీసుకుపొమ్మంది.

శవాన్ని బోరబండ తీసుకెళ్లాం. ఇక్కడి గడ్డ పోయాక బస్తీవాళ్లు రైలు పట్టాల అవతల కొత్త జాగా సంపాదించుకున్నారు. బస్తీ పెద్దమనుషులు ఆ జాగా గేటు దగ్గరే ఆపారు. తాతముత్తాతల బొందలు దున్నినవాడికి తమ గడ్డలో చోటేమిటన్నారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ నాకు కనపడలేదు. మంజులతకూ కనపడలేదనుకుంటా.

"మీరన్నది నిజమే," అంది ఆమె. "గా దినం నేను గూడ మీ పక్కకే కూసున్న. నన్ను గూడ గుంజి పారేసిండు. నేనేం మాఫ్ చెయ్యలే. కానీ పీనుగను యాడికి తీస్కపోవాలె, చెప్పుండ్రి."

 అందరిలోకీ ముసలాయన లేచాడు. ఆయన తండ్రి బొంద కూడా ఆనాడు పోయిందేనని తర్వాత తెలిసింది. ప్రహరీ పక్కన, మురికికాలువ పారే మూలను కర్రతో చూపించి, ఇటు చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

గుంత తవ్విన ఇద్దరు, అంబులెన్స్ డ్రైవరు, నేను కలిసి దించాం. మంజులత మూడు పిడికిళ్ల మట్టి వేసి, సంచి తీసుకుని, చీకటి పడకముందే బస్సెక్కాలంటూ వెళ్లింది. మూడోనాడు పాలు పొయ్యడానికి ఎవరొస్తారని కాటికాపరి అడిగాడు. ఆమె అప్పటికే రోడ్డు దాటింది. నేనొస్తానన్నాను.

వెళ్లాను. పాలు ఎలా పొయ్యాలో, ఏం అనాలో నాకు తెలియదు. కాపరే చెప్పాడు. మట్టి కొంచెం కుంగి ఉంది. పక్కనున్న మట్టి చేత్తో తీసి సరిచేశాను. పట్టాల మీద లోకల్ రైలు ఒకటి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. ఇంకెవరైనా వస్తారేమోనని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.