మొక్కు గడ్డం మీద మాస్కు

ఎండాకాలంలో మత్తు విభాగంలో పోస్టింగ్ పడితే విద్యార్థులు సంబరపడతారు. ఖమ్మంలో ఆ రోజుల్లో ఒళ్ళు చల్లబడే చోటు ఏదైనా ఉందంటే అది ఆపరేషన్ థియేటరే. చివరి ఏడాది చదివేవాళ్ళు, హౌస్ సర్జన్లు నలుగురైదుగురు కలిసి వస్తారు. మొదటిరోజు గోడకు ఆనుకొని, ఏసీ గాలికి కళ్ళు మూసుకొని నిలబడతారు. నేను తిట్టను. నేను కూడా ఈ శాఖను కోరుకొని రాలేదు. నా ర్యాంకుకు ఈ సీటు దొరికింది, చేరాను. ఇష్టం తర్వాత మెల్లగా కలిగింది.

ఈ పిల్లలందరూ మత్తు డాక్టర్లు కానక్కర్లేదు. అయితే రేపు వీళ్ళలో కొందరు మణుగూరు అవతల అడవి ఊళ్ళ మధ్య చిన్న ఆరోగ్య కేంద్రాల్లో ఒంటరిగా కూర్చుంటారు. పాము కరిచి ఊపిరి మందగించిన మనిషిని ఆటోలో వేసుకొస్తారు. అంబులెన్సు వచ్చేదాకా ముఖానికి మాస్కు పెట్టి, బ్యాగు ఒత్తి, ఆ మనిషికి గాలి అందించాలి. నా దగ్గరున్న కొద్దిరోజుల్లో ఆ ఒక్క పని వాళ్ళ చేతికి వస్తే చాలని ప్రతి బ్యాచికీ చెబుతాను.

చెప్పడమే గానీ, చాలాకాలం నేను నేర్పలేదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, మిగతా మూడు వేళ్ళు దవడ ఎముక కింద అని చూపిస్తాను. ముఖం మీదికి మాస్కు నొక్కకండి, మాస్కులోకి ముఖాన్ని ఎత్తండి అంటాను. విద్యార్థి చెయ్యి పెడతాడు. బ్యాగు ఒత్తగానే ఒకసారి గాలి పక్కకు పోతుంది. రెండోసారికి ఆగకుండా నా చెయ్యి వెళ్ళి మాస్కు తీసేసుకుంటుంది. 'చూశావా, ఇలా' అంటాను. వాళ్ళు చూస్తారు. పోస్టింగ్ అయిపోయేసరికి అందరూ చూసినవాళ్ళే, పట్టుకున్నవాళ్ళు ఉండరు. రోగి కోసమే అలా చేస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఒక ఎండాకాలం వచ్చిన బ్యాచిలో మణుగూరు కాలనీ నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. తండ్రి బొగ్గు గనిలో పనిచేస్తాడు. తక్కువ మాట్లాడేది. ప్రశ్న అడిగితే మాత్రం జవాబు వచ్చేదాకా కళ్ళు దించేది కాదు.

ఆ రోజుల్లోనే చండ్రుగొండ వైపు నుంచి ఒక రైతు పిత్తాశయంలో రాళ్ళతో చేరాడు. పత్తి, మిర్చి వేసే మనిషి. యాభై దాటాయి. నొప్పి వచ్చినప్పుడల్లా పొలం గట్టు మీదే ముడుచుకొని పడుకునేవాడట. మర్నాడు ఆపరేషన్ అనగా నేను విద్యార్థులను వెంటబెట్టుకొని వార్డులో ఆయన్ని పరీక్షించడానికి వెళ్ళాను. సన్నటి మనిషి. నోరు బాగా తెరుచుకుంది, మెడ బాగా వంగింది, పళ్ళు గట్టిగా ఉన్నాయి. ఒక్క ఇబ్బంది గడ్డం. ఛాతీ మీదికి దిగిన ఒత్తయిన గడ్డం.

"గడ్డం తీసెయ్యాలి" అన్నాను.

"గడ్డమా? గది మొక్కు సారు."

"మళ్ళీ పెంచుకుందువులే."

"మళ్ళ పెంచేదైతే మొక్కెట్లయితది సారు?"

మంచం అవతల కూర్చున్న ఆయన భార్య అందుకుంది. "తీసెయ్యుండ్రి సారు. నా చేతికి ఇస్తే ఎన్నడో తీసేద్దును. చారన్నం తింటే సగం గడ్డమే తాగుతది."

"నువ్వూకో."

"నేనెందుకు ఊకుంట? దేవుడడిగిండా నీ గడ్డం? నువ్వే పోయి ఒప్పుకుంటివి."

విద్యార్థులు నవ్వారు. ఆమే విషయం చెప్పింది. కూతురి బిడ్డ నెలలు నిండక ముందే పుట్టింది. చాలారోజులు దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉంచారు. బతకదనుకున్నారు. పిల్ల బతికి నడిస్తే, దాన్ని భద్రాచలం తీసుకుపోయి, మెట్ల మీద నడిపించి, రామయ్యకు తల వెంట్రుకలు, గడ్డం ఇస్తానని ఈయన మొక్కుకున్నాడు.

"నడుస్తుందా ఇప్పుడు?" అని మణుగూరు అమ్మాయి అడిగింది.

"గోడ పట్టుకొని నడుస్తది బిడ్డా" అన్నాడాయన. "గోడనే ఇడుస్తలేదు. ఇయ్యాలో రేపో ఇడుస్తది. గా నాలుగు దినాల కోసం తీస్తనా?"

నాకు ఇంకా చూడాల్సిన రోగులు ఉన్నారు. నేను ఎప్పుడూ వాడే మాట బయటికి తీశాను. "గడ్డం ఉంటే మాస్కు అతకదు. గాలి అందదు. గాలి అందకపోతే మనిషి బల్ల మీదే పోతాడు. ఇక నీ ఇష్టం."

ఆయన భార్య ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆయన గడ్డాన్ని ఒక గుప్పిట్లో పట్టుకొని నా వైపు చూశాడు. "మరి నొప్పి సారు?"

"నొప్పి నీదే" అన్నాను. అలా అనడానికి నాకేమీ కష్టం కలగలేదు.

వరండాలోకి వచ్చాక ఆ అమ్మాయి అడిగింది. "సార్, గడ్డం ఉంటే నిజంగ మత్తు ఇయ్యలేమా?"

"ఇవ్వగలం. కొంచెం కష్టం."

"మీరు పోతడన్నరు గద సార్."

"పేషెంటుకు అన్నీ వివరంగా చెబితే అర్థం కాదమ్మా."

"నాకు అర్థమైంది గద సార్. ఆయనకెందుకు కాదు?"

పక్కనున్న కుర్రాడు దగ్గుతున్నట్టు నటించి నవ్వు ఆపుకున్నాడు. నేను పనుందని నా గదికి వెళ్ళిపోయాను.

గదిలో టీ తాగుతూ ఆమెకు ఇవ్వని జవాబు నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. గడ్డం ఇబ్బందే, అది అబద్ధం కాదు. వెంట్రుకల మధ్య నుంచి గాలి జారిపోతుంది. కానీ ఈయనకు మిగతావన్నీ అనుకూలమే. మాస్కుతో గాలి ఇచ్చేది గొంతులో ట్యూబు వేసేదాకానే. గడ్డానికి జెల్లీ దట్టంగా పూసి, ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకొని దవడ ఎత్తితే, ఇంకొకరు బ్యాగు ఒత్తవచ్చు. ప్రమాదాల్లో దెబ్బలు తగిలి వచ్చిన గడ్డాల వాళ్ళకు నేను అలాగే చేశాను. అప్పుడు గీయించే వ్యవధి లేదు కాబట్టి చేశాను. ఇప్పుడు వ్యవధి ఉంది. గీయిస్తే నా పని తేలిక. ఆ తేలికకు భద్రత అని పేరు పెట్టి, మనిషిని చావుతో బెదిరించాను. అదీ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల ముందు.

దాని కింద ఇంకో సంగతి ఉంది. మర్నాడు నాతో పనిచేసే జూనియర్ డాక్టరు సెలవు. రెండో మనిషి కావాలంటే విద్యార్థుల చేతులనే నమ్మాలి. నేను ఎవరి చేతులనూ నమ్మలేను. ఒక మనిషి మొక్కు నా అపనమ్మకం దగ్గర ఆగిపోయింది.

టీ పూర్తవకముందే ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. "సార్, పెద్దనాయన మూట గడ్తండు. ఇంటికి పోతడంట."

వెళ్ళేసరికి ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు. భార్య గిన్నెలు సంచిలో సర్దుతోంది. రాళ్ళు అలాగే ఉంచుకొని వెళితే, ఎప్పుడో చీము పట్టి, ఇప్పటికంటే పాడైన ఒంటితో మళ్ళీ మా దగ్గరికే వస్తాడని నాకు తెలుసు.

"ఉండు. గడ్డం ఉంచే చేద్దాం" అన్నాను.

"పోతరంటిరి?"

"ఒక పద్ధతి ఇప్పుడే గుర్తొచ్చింది" అన్నాను. పొద్దున చెప్పిన అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గానీ, వెనకాల విద్యార్థులు నిలబడి ఉన్నారు.

ఆ మధ్యాహ్నం శిక్షణ గదిలో బొమ్మ మీద సాధన చేశాం. నేను వెళ్ళేసరికే బొమ్మ గడ్డానికి దూది కుచ్చులు ప్లాస్టరుతో అంటించి సిద్ధంగా ఉంచారు. "సార్, దీనికి గూడ మొక్కుందంట" అన్నాడు కుర్రాడు. అందరూ వంతులవారీగా పట్టుకున్నారు. అమ్మాయికి వేళ్ళు చిన్నవి, బొటనవేళ్ళు మాస్కు చుట్టూ సరిగా అందలేదు. తనే ఆలోచించి, అరచేతుల అంచులు మాస్కు మీద ఆనించి, మిగతా వేళ్ళన్నీ దవడ మూల వెనక్కి పోనిచ్చింది. నాలుగైదు సార్లు తప్పింది. తర్వాత తప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడటం నాకు ఎంత కష్టమైందో వాళ్ళకు తెలియదు.

మర్నాడు థియేటర్లో బల్ల మీద పడుకున్న ఆయన గడ్డానికి జెల్లీ పూసి, దువ్వి, అణిచాం. అమ్మాయి తల దగ్గర నిలబడింది. నేను పక్కన, బ్యాగు పట్టుకొని. ఎన్నో ఏళ్ళుగా తల దగ్గర చోటు నాది. పక్కన నిలబడితే ఆ గది నాకు కొత్తగా కనిపించింది.

"బిడ్డా, నువ్వేనా పట్టుకునేది?" అని ఆయన పైకి చూస్తూ అడిగాడు.

"అవ్ పెద్దనాయనా."

"గట్టిగ పట్టుకో. గడ్డాన్ని గాదు, నన్ను."

ముందు ఆయన చేత కొంతసేపు ఆక్సిజన్ పీల్పించాం. తర్వాత మందు ఇచ్చాను. కళ్ళు వాలాయి, ఊపిరి నిలిచింది. నేను బ్యాగు ఒత్తాను. ఎడమ చెంప దగ్గర గడ్డంలోంచి గాలి బుస్సుమంటూ పోయింది. ఛాతీ కదల్లేదు.

నా కుడిచెయ్యి బ్యాగు వదిలి మాస్కు వైపు లేచింది. అమ్మాయి తలెత్తలేదు. "సార్, మీరు బ్యాగు ఒత్తండి" అంది. అంటూనే వేళ్ళు దవడ వెనక్కి జరిపి, ఎడమ చేతిని కొంచెం తిప్పి, ముఖాన్ని మాస్కులోకి ఎత్తింది. నేను చెయ్యి వెనక్కి తీసుకొని మళ్ళీ ఒత్తాను. ఛాతీ లేచింది. నెమ్మదిగా దిగింది. మళ్ళీ లేచింది. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె ఉన్నచోటే ఉంది. లోకంలో ఎవరూ పట్టించుకోని సంగతి, ఒక రైతు ఛాతీ లేచి దిగడం. మా పనిలో అంతకంటే అందమైంది నేను చూడలేదు. ఆ పూట మాస్కు పట్టింది నా చెయ్యి కాకపోవడం నాకు లోటనిపించలేదు.

ట్యూబు నేనే వేశాను. గడ్డం మీద ప్లాస్టరు అతకదు కాబట్టి ట్యూబుకు నాడా కట్టి మెడ చుట్టూ ముడివేశాం. మా థియేటర్ సిస్టర్ పెద్దామె. అంతా చూసి, "ఇయ్యాల సారు చేతులకు సెలవు దొరికింది" అంది. పిల్లలు మాస్కుల వెనక నవ్వారు. నేనూ నవ్వాను.

ఆపరేషన్ సాఫీగా అయింది. మెలకువ వచ్చాక ఆయన చెయ్యి ముందు గడ్డం మీదికే పోయింది. "ఏందిది, జిగురు జిగురుగున్నది?"

"నీ మొక్కుకు నూనె పెట్టిన్రు" అంది భార్య. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, తిట్టుకుంటూనే ఆ జెల్లీ అంతా కడిగింది.

మరుసటి రోజు విద్యార్థులతో కలిసి వార్డుకు వెళ్ళాను. ఈసారి స్టూలు లాక్కొని మంచం పక్కన కూర్చున్నాను. "మొన్న గడ్డం ఉంటే పోతావన్నాను. అది నిజం కాదు. కష్టం అనాల్సింది, పోతావన్నాను. పద్ధతి అప్పుడే గుర్తొచ్చిందన్నాను, అదీ నిజం కాదు. ముందే తెలుసు. నిన్ను భయపెట్టి నా పని తేలిక చేసుకోవాలనుకున్నాను. తప్పు నాది."

ఆయనకు అది పెద్ద వింతగా అనిపించలేదు.

"మా మందుల దుకాణపాయన గూడ గట్లనే అంటడు సారు" అన్నాడు. "ఈ మందు కొట్టకపోతే మిరపచేను మాడిపోతదంటడు. భయపెడితే ఒక డబ్బా ఎక్కువ పోతది గద. మేం సగం నమ్ముతం, సగం ఇడిసిపెడ్తం."

ఆ పోలిక నాకు సూటిగా తగిలింది. తగలాల్సిందే. కోపం లేని మనిషి చెప్పడం వల్ల అందులో చేదు లేదు.

"అయితే గిది చెప్పున్రి" అన్నాడాయన. "బరువులెత్తొద్దన్నరు పొద్దుగాల. గది నిజమా, దుకాణపాయన మాటా? మా పిల్లను ఎత్తుకోవాల్నా వద్దా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఏదో ఒకటి అనేయడం నాకు అలవాటే. కానీ ఎంత బరువు, ఎన్నాళ్ళు అన్నది నాకు గట్టిగా తెలియదు.

"నాకు తెలియదు. సర్జన్‌ను అడిగి చెబుతాం" అన్నాను.

"తెల్వదా?" అంది ఆయన భార్య ఆశ్చర్యంగా.

"తెలియదమ్మా."

మణుగూరు అమ్మాయి అప్పటికే సర్జన్ గది వైపు నడిచింది. మేం అక్కడే ఉన్నాం. కుర్రాడు ఆ రైతును మిర్చి రేటు అడిగాడు. ఆయన పంట గురించి చెప్పడం మొదలుపెట్టాడు, మేమందరం విన్నాం. కాసేపటికి అమ్మాయి తిరిగొచ్చి మంచం మీదికి వంగి చెప్పింది. "కూసున్నప్పుడు ఒళ్ళెకి రానియ్యొచ్చు పెద్దనాయనా. వంగి ఎత్తుకోవద్దు, ఎత్తుకొని తిరగొద్దు. కుట్లు మానినంక మల్లొచ్చి చూపిస్తే చెప్తరట."

ఆయన ముఖం వాడిపోయింది. "ఎత్తుకోవద్దా? అది నన్ను చూస్తే చేతులు చాపుతది బిడ్డా."

"మంచిగైంది" అంది భార్య, సంచిలోంచి బత్తాయి తీసి వలుస్తూ. "పొద్దుమూకులు సంకనేసుకొని తిరగబట్టే అది గోడ ఇడుస్తలేదు. ఇగ నడుస్తది సూడు."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయి. రెండు చేతులతో పొట్ట పట్టుకొని, "నవ్వియ్యకే, నొస్తంది" అంటూ, గడ్డమంతా కదిలేలా నవ్వుతూనే ఉన్నాడు.