మావగారి కుర్చీలో బీపీ

"నీకు మంచం, నాకు పొయ్యి! బాగుందే వాటా."

"నానేటి కోరి తెచ్చుకున్నానా అక్కా? కాంపౌండరు సూసి సెప్పేడు."

"సూసేడు! పైట మీద పట్టీ కట్టి సూసేడు. అలా సూస్తే ఈ గుంజకీ వస్తాది బీపీ."

"నీకు రానేదని కుళ్ళు."

"అవునే, కుళ్ళే!"

డెబ్బైల్లో, చోడవరంలో మా చెరుకు నరుకుతున్న రోజుల్లో నా తోటికోడలితో పడ్డ తగువది. రోజూ కూలీలకు కూడా వంట. చిన్నది కళ్ళు తిరుగుతున్నాయంటే మరిది కాంపౌండరును పిలుచుకొచ్చాడు. వసారాలో మావగారు ఉన్నారు. ఆయన ముందు కోడళ్ళు కూర్చోరు, పరాయి మగాడికి జబ్బ చూపరు. అందుకని అది నూతి నుంచి తెచ్చిన బిందె దించుతూనే, నిలబడి, చెయ్యి వేలాడేసి, పైట మీదుగానే పట్టీ కట్టించుకుంది. అతను గాలి కొడుతున్నంతసేపూ మొగుడితో మాట్లాడుతూనే ఉంది. బీపీ ఎక్కువ, పని చెయ్యకూడదన్నాడు.

ఆ పూట నుంచి మరిది దానికి కమలాపళ్ళు తెచ్చేవాడు. నాకు జ్వరమొస్తే మిరియాల కషాయంతో సరిపెట్టిన ఇల్లది. ఒక్క తొన ఇటు రాలేదు. తొక్కలు మాత్రం పారెయ్యక ఎండబెట్టి సున్నిపిండిలో కలిపాను.

చిన్నది మళ్ళీ పొయ్యి దగ్గరికి రావాలి. నాకు కావలసింది అంతే. తగువైన మధ్యాహ్నమే పట్టుబట్టి డాక్టరమ్మను పిలిపించాను.

ఆవిడ లోపలి గదిలోకి కుర్చీ తెమ్మంది. మా ఇంట్లో ఉన్నది మావగారి కుర్చీ ఒక్కటే. అందులో చిన్నదాన్ని వెనక్కి ఆనించి కూర్చోబెట్టింది.

"కాలు మీద కాలొద్దు. పాదాలు నేలకి ఆన్చు. మాటాడకమ్మా."

బిగుతు జాకెట్టు చెయ్యి తీయించి, ఒట్టి జబ్బకి పట్టీ చుట్టి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టింది. కొంతసేపు ఊరికే ఉంచి, అప్పుడు గాలి కొట్టింది. ఆగి ఇంకోసారి చూసింది. నేను పెద్దకోడలినై వచ్చిన నాటి నుంచీ ఆ కుర్చీని తుడవడమే గాని ఏనాడూ కూర్చోలేదు. నేను పాదరసం వైపు చూడనేలేదు. కుర్చీనే చూశాను.

"బీపీ లేదు. అప్పుడు చూడటంలో తప్పు. కాస్త నీరసం, అంతే."

"సెప్పేనా!" అన్నాను.

తలుపవతల నుంచి మావగారు, "అయితే బస్సెక్కొచ్చన్నమాట. కోడలు గుంట నీరసపడిపోనాది. కన్నోరింట్లో నాలుగు రోజులుండి వస్తాది" అన్నారు.

మర్నాడు పొద్దున్న మరిది దాన్ని దేవరాపల్లి బస్సెక్కించాడు. కూలీల వంట నేనొక్కదాన్నే వండాను.