గుడ్లగూబ ఆలోచన

గుడ్లగూబ అని పేరు పెడితే మురిసిపోయిన మనిషి లోకంలో తాతయ్య ఒక్కడే అయ్యుంటాడు. వయసులో ఉండగా తెల్లార్లూ రెప్ప వాల్చకుండా లారీ తోలేవాడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరది. లారీ పోయింది, జుట్టూ పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు బడి వ్యాను తోలుతున్నా పిల్లలకి ఆయన గుడ్లగూబ తాతే.

అందుకే నిద్ర అన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. కుర్చీలో గురకపెడుతుంటే తట్టి లేపినా "ఆలోచిస్తున్నాను" అనేవాడు. అంత గట్టిగా ఏం ఆలోచిస్తున్నారో వీధి చివరిదాకా వినబడుతోందని అమ్మమ్మ దెప్పేది. బడి వదిలేదాకా వ్యానులో కునికినా, పిల్లలకీ అదే జవాబు.

ఆ అమ్మమ్మకే ఊపిరి జబ్బు ముదిరింది. పడుకుంటే ఆయాసం. దిండ్లు పేర్చితే జారిపోయేవి. తాతయ్య మంచం మీద కూర్చుని వీపు ఇస్తే, దానికి ఆనుకుని మాత్రం కాస్త కన్ను మూసేది. ఆయన కునికితే ఆమె వాలిపోతుంది, వాలితే ఊపిరాడదు. కాబట్టి రాత్రంతా గోడలా కూర్చోవడం, పొద్దున్నే వ్యానెక్కడం. రాత్రుళ్ళు తాను కూర్చుంటానని కూతురంటే, అగ్గిపుల్లలాంటి నీ వీపుకి మీ అమ్మ ఆనితే పొద్దున ఇద్దర్నీ ఏరుకోవాలని కొట్టిపారేశాడు. పోనీ వ్యాను మానేస్తే మందులెలా?

నిద్రని ఆపడానికి ఆయన చెయ్యని పని లేదు. మొహాన చన్నీళ్ళు, టీ మీద టీ, కిటికీ అద్దం దించి గాలి. ఏదీ పని చెయ్యకపోతే తొడ గిల్లుకోవడం. ఆ మచ్చలు చూసి అమ్మమ్మ, పాపం, దోమతెర కొనమంది.

ఆ మధ్యాహ్నం పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాడు. బడి గేటు దాటడం గుర్తుంది. ఆ తర్వాత ఎదురుగా పెట్రోలు బంకు కనబడింది.

బడికీ బంకుకీ మధ్య వంతెన ఉండాలి. ఇరుకు వంతెన. ఒక పక్క పిట్టగోడ కూలిపోతే తాడు కట్టి వదిలేశారు. దాన్ని ఎప్పుడు దాటాడు? ఎదురు బండి వచ్చిందా? హారన్ కొట్టాడా? ఎంత వెతుక్కున్నా ఏమీ లేదు, పలక తుడిచేసినట్టుంది.

వెనక సీట్లోంచి పళ్ళూడిన పిల్ల ఒకతె అద్దంలోకి చూసి నవ్వింది.

"తాతా, వంతెన మీద ఆలోచించావు కదూ?"

బండి పక్కకి తీసి ఆపాడు. ఇంకాస్త దూరమే కదా, గిల్లుకుంటూ పోదామని మనసు లాగింది. నిద్రలో వంతెన దాటించిందీ ఆ మనసే మరి. తాళం తీసి గుప్పిట్లో బిగించి, వ్యాను ఓనరుకి ఫోన్ చేశాడు.

"ఇంకెవరినైనా పంపండి బాబూ. నాకు నిద్రొస్తోంది."

ఓనరు పంపిస్తానన్నాడు గానీ, "నిద్రొచ్చే మనిషికి రేపు తాళం ఎలా ఇవ్వను పెద్దాయనా?" అన్నాడు. తాతయ్య తర్వాత కూతురికి చేశాడు. బండికేమైంది నాన్నా అని ఆమె కంగారు పడింది.

"బండికి కాదమ్మా, నాకు. ఈ రాత్రికి నీ వీపు కావాలి."

కొత్త డ్రైవరు వచ్చి వ్యాను తీశాడు. తాతయ్య మొదటిసారి వెనక, పిల్లల మధ్య కూర్చున్నాడు. ఇదివరకు తొడ మీద గిల్లినచోట చెయ్యి వేసుకుని, గోడలా నిటారుగా. పళ్ళూడిన పిల్ల జరిగి చోటిచ్చింది.

"పడుకో తాతా, ఇప్పుడు నువ్వు తోలట్లేదుగా."

కళ్ళు మూసుకున్నాడు. నిద్ర రాలేదు. ఈసారి నిజంగానే ఆలోచిస్తున్నాడు.