దొంగల మీసాలు

మా కామత్‌ఘర్ సందులోకి పెళ్లి గుర్రం వచ్చినప్పుడల్లా బ్యాండు కంటే ముందు దాని వాసన మా కిటికీలోకి వస్తుంది: చెమట, నానిన శనగలు, పాత తోలు జీను, మెడలో వాడిన బంతిపూలు. పిల్లలు మెట్లు దిగి పరుగెత్తుతారు. నేను కిటికీ మూస్తాను. నా కోపం గుర్రం మీద కాదు.

నా చిన్నతనంలో, ఊళ్లు విడిచి బతకడానికి వచ్చిన మావాళ్ల ఈ సందు నిండా మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, పగలూ రాత్రీ మోగేవి. దూది నుసి అన్నంలో పడేది, బతుకమ్మ పూల మీద పడేది, అమ్మ పాత బట్ట మీద చుట్టి ఆరబెట్టిన సకినాల మీద నువ్వులతో పాటు అంటుకునేది, నా జుట్టులో పేనుకుపోయేది. నాన్న ఒక సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు, అమ్మా నేనూ గదిలో కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లం. నాకు పసితనంలో జ్వరం వచ్చి కళ్లు తేలేస్తే, బతికితే నా తలనీలాలు ఇస్తానని అమ్మ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. ప్రతి ఎండాకాలం ఊరికి పోదామనుకోవడం, సేటు సుట్టీ, అంటే సెలవు, ఇవ్వకపోవడం, అలా నా జడ నడుము దాటింది. శుక్రవారం కరెంటు ఉండదు, సాంచాలు బందు. ఆ రోజు అమ్మ కుంకుడు రసంతో తలంటి, ఒక్కో నుసి పోగూ ఏరి, నువ్వుల నూనె రాసేది.

"ఇది నీది గాదు బిడ్డా, రాజన్నది. నువ్వు ఉత్తగ మోస్తున్నవ్" అనేది.

ఆ శుక్రవారాల్లోనే నర్సింగం సినిమా తీశాడు. పెళ్లిళ్ల వీడియోలు తీసే నర్సింగానికి వీడియో హాలులో చూసిన గుర్రాల సినిమాల పిచ్చి. తుపాకులు, టోపీలు, దుమ్ము, మన భాషలో మాట్లాడే దొంగలు ఉండాలన్నాడు. సేటు కొడుకు శేఖర్ హీరో కాబట్టి ఖర్చు సేటుది. నూలు వచ్చిన అట్టపెట్టెలు కోసి టోపీలు చేశారు, సాంచాల పాత తోలు పట్టాలు నడుముకు కట్టారు, వడ్లాయన కర్ర తుపాకులు చెక్కాడు. కాశేలి దగ్గర గోదాముల కోసం చదును చేసిన ఎర్రమట్టి నేల ఎడారి అయింది. దూది చెత్త కాల్చితే వచ్చే పొగ తుపాకుల పొగ అయింది. నిజాంపురా నుంచి తెచ్చిన పెళ్లి గుర్రం మాత్రం బ్యాండు లేనిదే అడుగు వేయనంది. కెమెరా వెనకాల ఇద్దరు డప్పులు వాయిస్తూ పరుగెత్తేవారు. దెబ్బ కాస్త మారితే చాలు, దొంగలను తరుముతున్న గుర్రం నిలబడి కాళ్లాడిస్తూ నాట్యం చేసేది.

శేఖర్‌కు గుర్రమంటే వణుకు. తేలికగా ఉంటానని, భయం లేదని, షూటింగు చూడబోయిన నాకు అతని చొక్కా తొడిగి, ముఖానికి రుమాలు కట్టి ఎక్కించారు. దూరం నుంచి హీరోనే అనుకోవాలి. గుర్రం కదలగానే నా జడ టోపీలోంచి జారి వీపు మీద ఎగిరేది.

"గా జడ టోపీల వడ్తలేదు, కత్తెర తేండ్రి" అన్నాడు నర్సింగం.

"వద్దు మామా, గది రాజన్నది!" అని అరిచాను.

"రాజన్న సినిమాలు సూడడానే?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. దారాలు కత్తిరించే కత్తెరతో మెడ దగ్గరికి కోశారు.

అమ్మ నన్ను కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని సేటు ఇంటికి నడిచింది.

"కోసిందేదో కోసిండ్రు. జడ ఇయ్యుండ్రి, దేవునికి ఇచ్చుకుంటం" అంది.

జడ లేదు. నర్సింగం దాన్ని ముక్కలు చేసి, జిగురుతో దొంగలందరికీ మీసాలు అంటించేశాడు. షూటింగు అయ్యాక పీకి అక్కడే మట్టిలో పారేశారు.

"ఎంటికలకు ఏందమ్మా గింత లొల్లి" అన్నాడు సేటు. నాన్న వచ్చి, "ఆడిది సేటూ, తెల్వక అడిగింది" అని చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది.

వీడియో హాలులో సినిమా వేసిన రోజు సందంతా ఈలలు. దొంగలు మీసాలు మెలేసినప్పుడల్లా జనం పడి పడి నవ్వారు, అమ్మ ప్రతి మీసాన్నీ చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తరువాత నేను తుమ్మినా, రాజన్న మొక్కు తీరలేదని ఆమె నా నుదురు తడిమి చూసేది. చివరికి సేటు సుట్టీ ఇవ్వకపోయినా నన్ను తీసుకుని వేములవాడకు పోయింది. నా తలతో పాటు, పోయిన జడకు బదులుగా తన తలా గీయించుకుని వచ్చింది. నాన్న పక్కనే నడుస్తున్నా, మొక్కని తెలిసినవాళ్లు కూడా, "ఎవలు పోయిండ్రే?" అని వెక్కిరించారు.

ఇప్పుడు ఆ సాంచాలు తుక్కు కింద పోయాయి. వీడియో హాలు సెల్‌ఫోన్ల దుకాణమైంది. నాన్న లేడు, అమ్మ లేదు. నలభై దాటాక నా కూతురి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. పోయిన నెల శేఖర్ మా గడపలోకి వచ్చాడు. అతనికిప్పుడు కాశేలిలో గోదాములున్నాయి. మన మొదటి సినిమా మళ్లీ వేస్తున్నాం, గుర్రమెక్కింది నువ్వేనని స్టేజీ మీద చెప్పి శాలువా కప్పుతాం అన్నాడు.

"మా అమ్మ సంగతి చెప్తరా?"

"గదెందుకు చెల్లే, అందరు నవ్వుకునే జాగల?"

"అయితే ముందుగాల సినిమాల నుంచి గా మీసాలు తియ్యుండ్రి."

"సినిమాల మీసాలు ఎట్ల తీస్తరు?" అని నవ్వాడు.

"నా జడ తీసినట్టే. ఇద్దరు పట్టుకోండ్రి, ఒకలు కొయ్యుండ్రి" అన్నాను. అతను శాలువా సంచి తీసుకుని మెట్లు దిగాడు. అతను సందు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాను.