లేని గడీల దొర

నా చిన్నప్పుడు మా ఊరికొచ్చిన పిట్టల దొర ఒకడు తుపాకులవాళ్ళను నవ్వించి తరిమేశాడని మా బంధువులు ప్రతి పెళ్ళిలోనూ చెప్తారు. నవ్వించాడు, నిజమే. తరమలేదు. కథను నవ్వు దగ్గరే ఆపేసేవాళ్ళతో నాకు ఇప్పటికీ పేచీయే. వాళ్ళెవరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను.

మాది పెన్‌పహాడ్ దగ్గరి ఊరు. నిజాం రాజ్యం చివరి రోజులు. సూర్యాపేట వైపు పొగ లేస్తే తగలబడుతున్నది ఏ ఊరో పెద్దవాళ్ళు గుసగుసగా అంచనా కట్టేవారు, మేం అడిగితే కసిరేవారు. మా తాతయ్య పద్యాలు కట్టేవాడు. ఆ ఏడు కట్టిన ఒక పద్యం నోటినోటా పాకి మిర్యాలగూడ దాకా పోయింది. దాని చివరి మాట ఇది: ‘గోడ పెరిగిన కొద్దీ గడిలోన నిదుర తరుగు.’ ఎవరి గడీయో ఆయన చెప్పలేదు. చెప్పాలా? చుట్టుపక్కల అంత ఎత్తు గోడ ఉన్న కోటలాంటి ఇల్లు మా ఊరి దొరదొక్కటే.

పంట కళ్ళాల్లో పడ్డప్పుడు పిట్టల దొర వచ్చేవాడు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తనకు లేని గడీలు, లేని ఏనుగులు ఉన్నాయని గొప్పలు చెప్పి, నవ్వినవాళ్ళను గింజలు అడిగేవాడు. ఒక కట్టుబాటు ఉండేది. అతని మాటకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే ఆ మాట తనకే తగిలిందని అందరి ముందూ ఒప్పుకున్నట్టు.

అతను మా కళ్ళంలో ఉండగానే లారీ వచ్చింది. దొర పిలిపించిన తుపాకులవాళ్ళు మగవాళ్ళను వరసగా నిలబెట్టారు. వాళ్ళ జమాదారు ఆ పద్యం చివరి మాటను వచ్చీరాని తెలుగులో పలికి, “గిది కట్టినోడు ముంగటికి రావాలె. లేకుంటే ఊరు ఖతం,” అన్నాడు. తాతయ్య చెయ్యి నా భుజం మీద ఉంది.

“నేనే సర్కార్!” అంటూ పిట్టల దొర గంతు వేశాడు. “నా గడీ మీద నేనే కట్టుకున్న. జర వినుండ్రి!” కట్టె తుపాకితో సలాము కొట్టి అందుకున్నాడు. గోడ పెరిగిన కొద్దీ గడిలోన... అని ఆగి, తీరిగ్గా వీపు గోక్కున్నాడు. అప్పుడు ముగించాడు: నిదుర తరుగు! “నాకైతే గోడనే లేదు సర్కార్, గందుకే పన్నకాడనే గురక!”

“దొర మీద కాదారా?” అని జమాదారు గద్దించాడు.

“దొరను నేనే గద! ఇంకెవలకు నిద్ర వడ్తలేదు సర్కార్, మీకెర్కనా?”

దొర పేరెత్తితే నిద్ర పట్టనిది ఆయనకేనని జమాదారే ఒప్పుకున్నట్టు. ముందు అతని మనుషులే నవ్వారు. ఆఖరున అతనూ నవ్వాడు, కళ్ళు తప్ప.

మా బంధువులు కథ ఆపేది ఇక్కడే. జమాదారు నవ్వుతూనే, “చల్, మా సాబుకు గూడ వినిపిద్దువు,” అని అతన్ని లారీ ఎక్కించాడు. అప్పుడు తాతయ్య ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచాడు. లారీ మీంచి కేక వచ్చింది. “ఓ ముసలయ్యా, నోరు తెర్సి నిలవడకు, ఈగలు వోతయ్! నా ఏనుగులకు గడ్డెయ్యి పో!” జనమంతా గొల్లున నవ్వారు. తాతయ్య నోరు మూసుకున్నాడు. లారీ సూర్యాపేట దారి పట్టింది.

మరుసటి ఏడు పంటకు అతను రాలేదు. ఆ పైయేడూ రాలేదు. కోదాడలో అలాంటివాడు కనబడ్డాడని ఎవరో అంటే తాతయ్య అక్కడిదాకా నడిచిపోయాడు. వేరే మనిషి. ఆయన మళ్ళీ పద్యం కట్టలేదు. ఒక్కసారి మాత్రం నాతో అన్నాడు: “నేను యాడ ఆగాలనుకున్ననో వాడు గాన్నే ఆగిండు బిడ్డా. ఒక్క అక్షరం మార్సలే.”

కాలేజీలో మా లెక్చరరు కవిత్వం ఉన్నతం, హాస్యగాడి వేషం చౌకబారు అన్నప్పుడు లేచి వాదించి, క్లాసు బయట నిలబడ్డాను. సూటిగా అంటే తల పోయే మాటను కవీ హాస్యగాడూ ఇద్దరూ తూకంగా పట్టుకుని, సరైన చోట ఆగి, మిగిలింది వినేవాడి మనసు చేతే అనిపిస్తారు. ఆ ఆగే చోట ప్రాణం పణంగా ఉంటుంది. అందుకే ఎక్కడ జనం పగలబడి నవ్వుతున్నా, అందులో నవ్వని కళ్ళెవరివా అని వెతుకుతాను. ఆ రోజు పట్టుకున్న అలవాటు, ఇంకా వదల్లేదు.

ఒక్కటి మాత్రం నాకెవరూ తేల్చి చెప్పలేదు. తాతయ్య నోరు తెరిచింది ‘ఆ పద్యం నాది’ అనడానికేనా, లేక ప్రాణం దక్కిందని ఊపిరి పీల్చుకోవడానికా?